ఒంటిమిట్టకు వచ్చే ముందర బెల్టు సంగతి

కడప

ఒరే రమణా,

ఎట్లుండావురా? చెల్లెలూ బుడ్డోడూ బాగుండారా? సీతారాముల కల్యాణానికి ఒంటిమిట్టకు వస్తాండామని నువ్వు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో పండగే. మా ఇంటామె అప్పుడే మేడమీద గది కడిగించి పెట్టింది. జనంలో పిల్లోడు తప్పిపోకుండా ఒంటికి తగిలించి, పొడుగు పట్టీ కొస మనం పట్టుకోని నడిపించే బెల్టు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే అది మీ అమ్మకు నచ్చలేదని, పెట్టాల్నా వద్దా అని అడిగినావు గదా. అది ఫోన్లో రెండు మాటల్లో తేలేది కాదు. ఈ ఎండకు బయట తిరిగేదీ లేదు. అందుకే కూర్చోని తీరిగ్గా రాస్తాండా.

ముందే చెప్పేస్తా. పెట్టు. జనం ఉండే కాడ, నీ చేతులు ఖాళీగా లేని కాసేపటికి పెట్టు. అంతేగాని కల్యాణం అయిపోయేదాకా పిల్లోన్ని దాంట్లోనే ఉంచొద్దు.

మీ అమ్మ అన్న మాటే మా జేజి కూడా అనింది. "ఏమప్పా, బిడ్డను కుక్కపిల్ల మాదిరి కట్టి తోలుకపోతాండావే" అని వీధంతా వినపడేట్లు అనింది. ఇప్పటికీ ఆయమ్మ మారలా. నేనూ మార్చాలని చూడలా. ఆయమ్మ పిల్లల్ని పెంచిన కాలంలో చంకలు శానా ఉండె. పెద్దమ్మ, చిన్నమ్మ, అత్త, పక్కింటి అక్క, ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్లు. ఇప్పుడు నువ్వూ చెల్లెలూ ఇద్దరే. ఒకరి చేతిలో బ్యాగు, ఇంకొకరి చేతిలో ఫోను, నీళ్ల సీసా. ఇంక పిల్లోన్ని ఎవరు పట్టుకోవాల?

దేవుని కడపలో రథసప్తమికి తేరు చూసేదానికి పోయినప్పుడు, చెప్పులు ఇడిచే కాడ చూసినా నేను. మన చెయ్యి పిల్లల మీద నుంచి పోయేది పెద్ద గుంపులో కాదురా. చెప్పులు ఇడిచేటప్పుడు, టోకెన్ తీసుకునేటప్పుడు, జేబులోంచి చిల్లర తీసేటప్పుడు. గుంపులో మనం భయంతో గట్టిగానే పట్టుకుంటాం. ఈ చిన్న చిన్న పనుల కాడే ఇడిచిపెడతాం. మా పాప బుగ్గలు, అదే గాలి బెలూన్లు, అమ్మేటోన్ని చూసి అటు తిరిగింది, రెండడుగులు పోయింది, బెల్టు ఆపింది. నేను నిదానంగా చెప్పులు ఇచ్చి టోకెన్ తీసుకున్నా. బుగ్గ కూడా కొనిచ్చినాలే, అది వేరే సంగతి.

"చెయ్యి పట్టుకుంటే పోలా?" అంటారు పెద్దోళ్లు. పట్టుకోవాల, అది కాదనను. కానీ రెండేండ్ల పిల్లోని ఎత్తెంత, మన ఎత్తెంత? వాని చెయ్యి నెత్తిమీదికి లేచి ఉంటుంది, నడిచినంత సేపూ. వాడు తట్టుకుంటే మనం ఏం చేస్తాం? ఆ చెయ్యే పట్టి గుంజి పైకి లేపుతాం. ఆడుండాది అసలు ప్రమాదం. అయిదేండ్ల లోపల పిల్లలకు మోచేతి కాడ ఎముకను పట్టుకోనుండే నరం లాంటి పట్టీ ఇంకా వదులుగానే ఉంటుంది. చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజితే ఎముక తల ఆ పట్టీలోంచి జారుతుంది. ఒకటి నుంచి నాలుగేండ్ల పిల్లల్లో డాక్టర్లు ఇది శానా మందికి చూస్తారు. మా వీధిలో ఒక పిల్లోనికి ఇట్లే అయింది. చెయ్యి వేలాడేసుకొని ఏడుపు, ముట్టుకోనియ్యడు. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టుకు పోవాలని కారు మాట్లాడినారు. అంతలో ఎవరో పిల్లల డాక్టరు దగ్గరికి తీస్కపొమ్మంటే తీస్కపోయినారు. ఆయన మోచెయ్యి పట్టి ఒక్క తిప్పు తిప్పినాడు, అంతే. కాసేపటికి ఆ చేత్తోనే బిస్కెట్ తింటాండాడు పిల్లోడు. ఇంట్లో ఎవరూ ఆ తిప్పు తిప్పేదానికి చూడొద్దు సుమా, ఎముక ఇరిగిందో జారిందో మనకు తెలీదు.

బెల్టు అయితే గుంజు భుజాల మీద, ఎదమీద పంచుకుంటుంది. చెయ్యి మీద పడదు. పైగా వాని రెండు చేతులూ వానివే. గోడ పట్టుకుంటాడు, పడితే చేతులు ఆనించుకుంటాడు. కుక్కపిల్ల అని అన్నోళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇది నిన్నా మొన్నా పుట్టింది కూడా కాదు. యూరప్‌లో 17, 18 శతాబ్దాల్లో పిల్లల గౌన్ల భుజాల కాడే పొడుగు పట్టీలు కుట్టి, అవి పట్టుకొని నడక నేర్పేవాళ్లు. మనకాడ కట్టడం పనుల్లో కూలికి వచ్చిన తల్లులు పిల్లల నడుముకు పాత చీర కట్టి రెండో కొసను చెట్టుకు కట్టేది నువ్వూ నేనూ చూసినాం. వేరే దారి లేక చేసే పని అది, తప్పు పట్టను. మీ అమ్మకు యశోదమ్మ కథ చెప్పి చూడు. ఆయమ్మ కన్నయ్యను రోటికి కట్టేసి తన పనికి తాను పోయింది. ఆ పిల్లోడు రోలు ఈడ్చుకొని పోయి రెండు మద్దిచెట్లు కూల్చినాడు. బెల్టుకు మొదటి సూత్రం దాంట్లోనే ఉండాది చూడు: ఇంకో కొస ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉండాల. స్తంభానికి కాదు, బల్లకు కాదు, తోపుడు బండికి అసలే కాదు.

ఇంక రకాలు. మణికట్టుకు మణికట్టు కట్టేది ఒకటి వస్తుంది, పాత ఫోను వైరు మాదిరి చుట్టలు చుట్టలుగా. అది కొనొద్దు. గుంజు మళ్లీ చెయ్యి మీదే పడుతుంది. వెల్‌క్రో అంటించేది కాబట్టి పిల్లోడు పళ్లతో కూడా ఊడబీకుతాడు. ఎదకు, భుజాలకు పట్టీలు వచ్చేది మంచిది. చిన్న బ్యాగు మాదిరి ఉండి వెనక పట్టీ తగిలించేది పిల్లలకు ఇష్టం, కోతి బొమ్మో కుందేలు బొమ్మో ఉంటుంది గదా. అయితే ఆ బ్యాగులో నీళ్ల సీసా పెట్టొద్దు, బరువుకు వెనక్కు తూలుతాడు. ఒక డైపరు, ఒక జత గుడ్డలు చాలు.

బక్కిల్ చూడు. ముందర ఉండేది అయితే నొక్కి తీసే తెలివి మనోనికి తొందరగానే వస్తుంది. పట్టీకీ ఒంటికీ నడుమ రెండు వేళ్లు దూరాల, అంతకంటే వదులుంటే చేతులు పైకెత్తి కిందికి జారి తప్పించుకుంటాడు. మా పాప ఆ విద్య ఇంట్లోనే నేర్చుకునింది. మెడ కాడికి ఏ పట్టీ రాకూడదు. పొడుగు పట్టీ మీటరున్నర దాకా వస్తుంది. జనంలో అంత పొడుగు ఇడిస్తే పక్కోళ్ల కాళ్లకు తగులుకుంటుంది. ఎవరో ముసిలాయన బోర్లా పడితే ఆ పాపం మనది. మేం వై.వి. స్ట్రీట్‌లో స్కూలు బ్యాగులు కుట్టే ఆయన కాడ నడి మధ్యలో ఇంకో పిడి కుట్టించినాం. గుంపు ఉంటే దగ్గరి పిడి, ఖాళీ ఉంటే దూరం పిడి. నైలాను పట్టీకి రెండు వరసలు కుట్టు ఏసినాడు, నేను ఏలాడి చూసినా తెగలా.

ఒంటిమిట్ట మాట. కల్యాణం రాత్రిపూట, పున్నమి వెన్నెల్లో జరిగేది నీకు తెలిసిందే. చంద్రుని కోసం రామయ్య రాత్రి పెండ్లి చేసుకుంటే, నిద్ర చెడి సతాయించేది మన పిల్లలు. పగలు నిద్ర పుచ్చుకొనే రా. చైత్రమాసంలో మన కడప ఎండ పొద్దు మునిగినా తగ్గదు. దూది దట్టంగా పెట్టిన బెల్టయితే లోపల చెమటపొక్కులు లేస్తాయి. జాలీ గుడ్డది చూసుకో, కింద పల్చని నూలు బనియను ఎయ్యి. కుదురుగా కూర్చున్నాక ఊడదీసి ఒళ్లో కూర్చోబెట్టుకో. బండి ఆపిన కాడి నుంచి గ్యాలరీ దాకా నడిచేటప్పుడు, గుడి ముందర అంగళ్ల కాడ, తలంబ్రాలు తీసుకునే కాడ, మళ్లీ బయటికొచ్చేటప్పుడు పెట్టు. గుడి లోపల 32 స్తంభాల మండపం ఉండాది గదా, దాగుడుమూతలాటకు దాన్ని మించింది లేదు. ఆడ కూడా ఇడవాకు.

జనం తోసుకునే కాడ మాత్రం బెల్టును నమ్మొద్దు రమణా. ఇది నేను గట్టిగా చెప్తాండా. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కాడ తొక్కిసలాటలో ఆరుగురు పోయినారు. అట్లాంటి ఒత్తిడిలో నేల మీదుండే పిల్లోనికి గాలి ఆడదు, పట్టీ ఎవరి కాలికో చుట్టుకుంటే మనిద్దరమూ పడతాం. ఒళ్లు ఒళ్లు తగిలేంత దగ్గరయిందంటే పట్టీ చేతికి చుట్టేసుకొని పిల్లోన్ని ఎత్తుకో, పక్కకు జరుగుతా బయటికి రా. దర్శనం రేపు కూడా ఉంటుంది. తేరు చక్రాల దగ్గర, ఎస్కలేటరు మీద, రైలు ఎక్కేటప్పుడు కూడా ఇదే మాట. ఎత్తుకునేదే.

బైకు సంగతి కూడా అడుగుతావని తెలుసు, స్టేషన్ నుంచి మా ఇంటికి నా బండి మీదే వస్తానంటావు. ఈ నడిచే బెల్టు దానికి పనికిరాదు. బండికి వేరే హార్నెస్ ఉంటుంది, పిల్లోని ఒంటికి చొక్కా మాదిరి తొడిగి, నడిపేవాని భుజాలకు తగిలించుకునేది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం రూలు తెచ్చింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేండ్ల లోపు పిల్లలకు ఆ హార్నెస్, హెల్మెట్ రెండూ ఉండాల, బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. మన ఊర్లో ఎవరు పాటిస్తాండారని అడగొద్దు. నేను ఆటో పంపిస్తా.

బెల్టు పెట్టినా పేరూ నంబరూ వాని మీద ఉండాల్సిందే. శబరిమలకు పోయిన మన స్వాములు చెప్పినారు గదా, ఆడ కేరళ పోలీసులు పిల్లల చేతికి పేరు, ఫోను నంబరు రాసి కడతారు. మనం ఇంట్లోనే చేసుకోవచ్చు. మొలతాడుకు చిన్న బిళ్ల కట్టు, చొక్కా లోపలి పక్క నీదీ చెల్లెలిదీ నంబర్లు బాల్‌పెన్నుతో రాయి. పిల్లోని పేరు మాత్రం బయటికి కనపడేట్లు రాయొద్దు, పేరు పెట్టి పిలిస్తే ఎవరెంటనైనా పోతాడు. బయల్దేరే ముందర ఆ రోజు ఏసుకున్న గుడ్డలతో ఫోటో తీసుకో. తప్పిపోతే "నీలం చొక్కానా, పచ్చదా" అని మొగుడూ పెండ్లాం కొట్లాడుకునే టైం మిగులుతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098, పోలీసు సాయానికి 112, రెండూ ఫోన్లో పెట్టుకో.

ఒక మాట చెప్పాల. మాకు తెలిసినామె కొడుక్కు ఆటిజం. అయిదేండ్లు దాటినా రోడ్డు మీద ఉన్నట్టుండి పరుగు తీస్తాడు, పిలిచినా పలకడు. ఆ తల్లి బెల్టు పెడితే చూసే చూపులుండాయే, నాకు మండుతుంది. ఏడు రోడ్ల కూడలి కాడ ఒకాయన ఆపి మరీ బుద్ధి చెప్పినాడంట. ఆయన ఆ పిల్లోని వెనక ఒక్క పూట పరిగెత్తి చూడాల.

ఇంకోటి. వచ్చే రోజే తీసి తొడగొద్దు, వాడు నేల మీద పడి పొర్లుతాడు. ఇప్పటి నుంచే ఇంట్లో కాసేపు, వీధిలో కాసేపు ఎయ్యి. పట్టీ కొస వాని చేతికిచ్చి నిన్ను నడిపించమను, మా పాప నన్ను కొట్టుదాకా లాక్కపోయేది. గుంజి మాత్రం నడపొద్దు. వెనక నుంచి గుంజితే వెల్లకిలా పడి తల తగులుతుంది. పట్టీ బిగుసుకుందంటే నువ్వే రెండడుగులు ముందుకు పోవాల. మూడు దాటి నాలుగు వచ్చేలోపు, "ఆగు" అంటే ఆగే అలవాటు చేసి బెల్టు మానిపించు. మాది ఇప్పుడిప్పుడే ఆగుతాంది, చాక్లెట్ అంగడి కాడ తప్ప.

మీ అమ్మను నేను మాట్లాడతాలే. ఆయమ్మకు ఇష్టమైన ఓళిగలు చేయిస్తాండామని చెప్పు, సగం కోపం ఆడే పోతుంది. నువ్వు బుడ్డోని ఎద చుట్టుకొలత, భుజం నుంచి నడుము దాకా పొడుగు టేపుతో కొలిచి పంపించు. పట్టీకి రెండో పిడి కుట్టించేదానికి నీ బెల్టు కూడా పోస్టులో ముందే పంపితే మేలు. పండగ దగ్గర పడితే ఆ బ్యాగులాయన దొరకడు.

ఉంటా మరి,
నీ
శివ