ఎడిటింగ్ టైమ్‌లైన్ ఏ ఒక్క సాఫ్ట్‌వేర్ సొత్తూ కాకూడదు

సంపాదకులకు నమస్కారం.

వీడియో ఎడిటింగ్ అనగానే అందరూ ఏ సాఫ్ట్‌వేర్ కొనాలనే మాట్లాడతారు గానీ, ఒకదాంట్లో కట్ చేసిన టైమ్‌లైన్ (క్లిప్‌లు వరుసగా పేర్చిన పట్టీ) ఇంకోదాంట్లో తెరిస్తే ఎఫెక్టులు పోయి, ట్రాక్‌లు చెదిరిపోయే బాధ గురించి ఎవరూ రాయట్లేదు. కట్‌ల జాబితాని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసుకెళ్ళే పాత ఈడీఎల్ ఫైల్ ఒక్క వీడియో ట్రాక్‌కి మించి మోయలేదు. ఈ చిక్కు తీర్చడానికే యానిమేషన్ సినిమాల సంస్థ పిక్సర్ ‘ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓ’ అనే లైబ్రరీ (వేరే సాఫ్ట్‌వేర్లు వాడుకునే రెడీమేడ్ కోడ్) తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది, ఇప్పుడది సినిమా రంగానికి పనికొచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లని చూసుకునే అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చేతిలో ఉంది. ఆ లైబ్రరీ రాసే ఫైల్‌లో వీడియో ఉండదు, ఏ క్లిప్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్న లెక్కే ఉంటుంది. అసలు కష్టమంతా ఆ లెక్కలోనే: సెకనుకు 29.97 ఫ్రేములంటాం గానీ అది నిజానికి 30000ని 1001తో భాగిస్తే వచ్చే సంఖ్య, దాన్ని 30 అనేసుకుంటే గంట వీడియోలో 3.6 సెకన్ల తేడా వచ్చి మాటకీ పెదవికీ పొంతన ఉండదు. అందుకే ఆ లైబ్రరీ టైమ్‌ని ఒట్టి సెకన్లుగా కాక, ఫ్రేమ్ లెక్క, రేటు విడివిడిగా దాస్తుంది.

హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ స్టూడియోలున్నాయి, ప్రోగ్రామర్లున్నారు. మన ఇంజినీరింగ్ కాలేజీలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఇలాంటి లైబ్రరీలకి కోడ్ రాయించాలి. దీని మీద మీరూ ఒక వ్యాసం వేయండి.

- ఒక వీడియో ఎడిటర్, హైదరాబాద్