వంటింటి చిట్కాల్లో మన వంటలు కూడా రావాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ల వచ్చే వంటింటి చిట్కాలు నేను కత్తిరించి దాచుకుంట, కాకపోతే అన్నీ ఓవెన్, మైక్రోవేవ్ గురించే ఉంటున్నయ్, మా దేవరకొండ దిక్కు ఇండ్లల్ల పొద్దున లేస్తే జొన్నరొట్టె, తపాలచెక్క (గిన్నెల ఒత్తి కాల్చే బియ్యంపిండి రొట్టె) కదా, వాటి గురించి కూడా రాయండి సార్.

జొన్నపిండిల గోధుమపిండి లెక్క జిగురు ఉండదు, అందుకే మసిలే నీళ్లు పోసి కలపాలె, లేకుంటే అంచులు పగుల్తయ్. చేత్తో కొట్టరాని కొత్త కోడండ్లు పిండిముద్దని రెండు పాల కవర్ల నడుమ పెట్టి, అడుగు సాపుగా ఉన్న స్టీల్ తలెతోని ఒత్తితే చాలు, రొట్టె గుండ్రంగ వస్తది. మా చిన్నకోడలు గట్లనే నేర్చుకుంది, ఇప్పుడు చేత్తోనే కొడ్తది.

తపాలచెక్క ఒకటి తీసినంక గిన్నె కాలుతుంటది, దాంట్ల రెండోది ఒత్తితే చెయ్యి కాల్తది. గిన్నెని బోర్లేసి అడుగు మీద నీళ్లు పోస్తే నిమిషంల సల్లబడ్తది, లోపల తడి తుడిచి నూనె రాసి మళ్ల ఒత్తుకోవచ్చు. రెండు గిన్నెలుంటే మార్చి మార్చి పెట్టుకోవచ్చు, ఇంకా మంచిది.

ఇడ్లీ ప్లేట్లల్ల కుడుములు ఉడుకుతయ్. పల్లీలు దంచనీకి మిక్సీ ఎందుకు, బట్టల మూటకట్టి చపాతీ కర్ర దొర్లిస్తే పలుకు పలుకుగ అయితయ్.

ఇంకోటి, మా బోరునీళ్లకు స్టీల్ గిన్నెల అడుగున తెల్లగ పొర కడ్తది. చారుకు పిసికినంక మిగిలిన చింతపండు పిప్పి, పిండేసిన నిమ్మ తొక్కలు పారెయ్యకుండ ఆ గిన్నెలనే నీళ్లు పోసి పది నిమిషాలు మరగనిస్తే, ఆ పులుపుకు పొర ఊడొస్తది.

ఇసొంటివి మా ముసలోళ్ల దగ్గర ఎన్నో ఉన్నయ్, వారానికి ఒక్కటన్న వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా