పిల్లలు, డబ్బు, మన పాత్ర: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో తల్లిదండ్రులు పదే పదే అడిగింది ఒక్కటే: "పిల్లలకు డబ్బు విలువ తెలియడం లేదు, సంఘం తరఫున ఏదైనా చేయండి" అని. అందుకే ఈ ఏడాది నెలకో ఆదివారం దీనికే కేటాయించాం. గ్రంథాలయం, మొక్కల పెంపకం ఎప్పటిలాగే సాగాయి. వాటి పద్దు కోశాధికారిగారు విడిగా చదువుతారు.

మొదటి రెండు నెలలూ పొదుపు మీద ఉపన్యాసాలు పెట్టాం. పిల్లలు బుద్ధిగా విన్నారు, గుమ్మం దాటగానే మరిచిపోయారు. మూడో నెల నుంచి పద్ధతి మార్చి, ముందు తల్లిదండ్రులతోనే కూర్చున్నాం. పాకెట్ మనీ ఎంతైనా సరే, ఒకే రోజున, చెప్పిన మొత్తమే ఇవ్వాలనీ, ఇచ్చాక అది పిల్లల సొమ్మేననీ అనుకున్నాం. 'ఈ వారం చిల్లర లేదు, వచ్చేవారం చూద్దాం' అనడం చిన్న విషయంగా అనిపిస్తుంది కానీ కాదు. రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. 'ఇప్పుడైతే ఒక మిఠాయి, ఆగితే రెండు' అని చిన్నపిల్లలకు చెప్పి, ఎంతసేపు ఓపిక పడతారో చూశారు. అంతకుముందే పెద్దవాళ్లు మాట తప్పడం చూసిన పిల్లలు సగటున 3 నిమిషాలు ఆగితే, మాట నిలబెట్టుకోవడం చూసినవాళ్లు 12 నిమిషాలు ఆగారు. దాచుకుంటే రేపు ఉంటుందన్న నమ్మకం మన మాట మీదే నిలబడుతుందన్నమాట. పిల్లల హుండీలోంచి అవసరానికి తీసుకున్నది చెప్పిన రోజుకు తిరిగి వేయాలని నేను గట్టిగా కోరేది కూడా ఇందుకే.

వడ్డీ గురించి ఒక ఆదివారం చెప్పాం. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే, చక్రవడ్డీ మీద సొమ్ము సుమారు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలుస్తుంది. 6 శాతానికి 12 ఏళ్లు. అదే 24 శాతం మీద అప్పు చేసి కట్టకుండా వదిలేస్తే, మూడేళ్లకే ఇంచుమించు రెట్టింపు. పిల్లలు బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక కూర్చున్న పెద్దలు కూడా కాగితం, కలం తీశారు.

ఇక పిల్లల అమ్మకాల రోజు. సొంతంగా చేసిన వస్తువులు, సొంతంగా పెట్టిన ధర, సొంత లెక్క. నాలుగో తరగతి పాప ఒకతె రంగు కాగితాలతో పుస్తకాల గుర్తులు చేసి అన్నీ అమ్మేసింది. డబ్బాలో ఉన్నదంతా లాభమేనని గంతులు వేస్తోంది. "కాగితం, జిగురు ఎవరు కొన్నారమ్మా?" అని అడిగాం. అమ్మ కొందట. అమ్మ సొమ్ము పక్కన పెట్టించాం. కత్తిరించేటప్పుడు పాడైన కాగితాలు కూడా లెక్కలోకి వస్తాయని చెప్పాం. మిగిలింది గుప్పెడు చిల్లర. ముఖం చిన్నబోయింది కానీ ఏడవలేదు. కాసేపటికి తనే వచ్చి, "ఒక్కో కాగితంలో ఇంకొకటి వచ్చేలా కత్తిరిస్తే?" అంది. ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన మాట అది.

అదే రోజు మేము ఒక పొరపాటు కూడా చేశాం. ఒక బాబు అట్టముక్కలతో పెన్ స్టాండ్లు చేశాడు. నాలుగు కలాలు పెడితే పక్కకు ఒరిగిపోతున్నాయి. ఎవరూ కొనలేదు. సాయంత్రం వాడి ముఖం చూడలేక కార్యవర్గ సభ్యులమే తలా ఒకటి తీసుకున్నాం. వాడు వెళ్తూ, "ఈసారి ఇంతకు రెట్టింపు చేస్తా" అన్నాడు. స్టాండు ఎందుకు ఒరుగుతోందో చూసుకునే అవకాశం వాడికి లేకుండా చేసింది మా జాలే. ఒకటి కొనబోయిన వాళ్లెవరైనా "అడుగు బరువు చాలడం లేదు బాబూ" అని ఉంటే సరిపోయేది.

అందుకని వచ్చే ఏడాదికి కార్యవర్గం కొన్ని నిర్ణయాలు తీసుకుంది. మిగిలిపోయిన సరుకు పెద్దలు జాలితో కొనరాదు. ముడిసరుకుకు తల్లిదండ్రులు ఇచ్చేది అప్పుగానే ఇచ్చి, పిల్లల నోటు పుస్తకంలో రాయించాలి. నష్టం వస్తే తిట్టనూ కూడదు, పూడ్చనూ కూడదు. అప్పు తీరడానికి గడువు పెంచితే చాలు.

ఈసారి సర్వసభ్య సమావేశంలో కోశాధికారి కంటే ముందు పిల్లలు తమ అమ్మకాల జమాఖర్చులు చదువుతారు. సభ్యులు దయచేసి ప్రశ్నలు అడగండి. వాళ్లు జవాబు వెతుక్కుంటున్నప్పుడు తల్లిదండ్రులు పక్కనుంచి అందించవద్దని మనవి.

ఇట్లు,
కార్యదర్శి