భోగి మంటలో వేసే ముందు ఆ పాత కవర్లు ఒకసారి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గుంటూరు పాత ఆస్పత్రుల మీద వచ్చిన వ్యాసం చదివాను. డాక్టర్ మేరీ గ్లౌరీ గురించి బాగా రాశారు. ఆస్ట్రేలియా నుంచి 1920లో గుంటూరు వచ్చి, సిస్టర్‌గా మారి, తెలుగు నేర్చుకుని, లక్షల మందికి వైద్యం చేసిన మనిషి గురించి ఎంత రాసినా తక్కువే. కాకపోతే ఆవిడ వచ్చేసరికే ఇక్కడ ఉన్న డచ్ సిస్టర్ల సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. దాని మీద దెబ్బలాటకు రాలేదు లెండి, నాకు ఆ సిస్టర్లతో ఒక అవసరం పడింది, అది మీ పాఠకుల వల్లే తీరుతుందేమో అని రాస్తున్నాను.

వెతుకులాట నిజానికి మా వియ్యాలవారిది. మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో (హాలండ్ అన్నా అదే) ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే పెళ్లి చేసుకుంది. మా అల్లుడి నాయనమ్మకు ఒక అక్క ఉండేదట. పదిమంది పిల్లల ఇల్లు, అందులో పెద్దదో రెండోదో. ఇరవై ఏళ్లు దాటగానే మఠంలో చేరి, నర్సు పని నేర్చుకుని, 1934లో ఓడెక్కి సెలెబెస్ వెళ్లిపోయింది. ఇప్పుడు దాన్ని సులవేసి అంటున్నారు, ఇండోనేషియాలో ఉంది. అంతే, మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఆవిడ చేరిన మఠం జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) వాళ్లది, అంటే మన గుంటూరుకు 1904లో వచ్చిన సిస్టర్లదే. ఏలూరు థెరీసా కాలేజీ, తెనాలి జె.ఎం.జె. కాలేజీలో చదివిన ఆడపిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. సులవేసిలోని మకస్సార్ ఊళ్లో స్టెల్లా మారిస్ ఆస్పత్రి కూడా వీళ్లదే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆవిడను జపాన్ వాళ్లు క్యాంపులో పెట్టారన్నంత వరకే ఆ ఇంట్లో తెలుసు. ఏ క్యాంపో తెలియదు. ముప్ఫై ఏళ్లుగా ఎవరో ఒకరు వెతుకుతూనే ఉన్నారు, దొరకలేదు. ఎందుకు దొరకలేదో మా వియ్యపురాలు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. వాళ్లు వెతికింది పుట్టినప్పటి పేరుతో. మఠంలో దీక్ష తీసుకున్నాక ఆ పేరు పోతుంది, కొత్త పేరు వస్తుంది, క్యాంపు జాబితా రాసేవాళ్లకు చెప్పేది ఆ కొత్త పేరే. పోనీ ఆ కొత్త పేరుతో వెతుకుదామంటే సిస్టర్ థెరీసా, సిస్టర్ అలోయిసియా లాంటి పేర్లు ఒక్కొక్క మఠంలో ఎంతమందికో ఉంటాయి. రెండు పేర్లూ పక్కపక్కన రాసి ఉన్న కాగితం ఎక్కువగా మఠం రిజిస్టరులోనే దొరుకుతుంది. హాలండ్‌లో మూతపడిన మఠాల పాత కాగితాలు చాలావరకు సింట్ అగాతా అనే ఊళ్లోని ఒక పాత మఠంలో భద్రం చేశారు. ఈ పని ముందు అక్కడ మొదలుపెట్టాలి, క్యాంపుల జాబితాలతో కాదు. ఇది తెలియక వీళ్లు సగం జీవితం పోగొట్టుకున్నారు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. జపాన్ క్యాంపు అనగానే అక్కడ అందరికీ జావా దీవే గుర్తొస్తుందట. డచ్ ఇండీస్‌లో (ఇప్పటి ఇండోనేషియా) క్యాంపుల పాలైన పౌరులు సుమారు లక్ష మంది, వాళ్లలో ఎక్కువమంది జావాలో ఉన్నవాళ్లే, 13 వేల మంది దాకా చనిపోయారు. అందుకని వీళ్లూ జావా జాబితాలే తిరగేశారు, సైనిక సమాధుల వివరాలు చూశారు. సిపాయి అయ్యుంటే కాస్త సులువయ్యేది. పట్టుబడ్డ సైనికులకు జపాన్ వాళ్లు ఒక్కొక్క కార్డు రాసి పెట్టారు, అవి చాలావరకు హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆవిడ పేరు మీద అలాంటి కార్డు వీళ్లకు దొరకలేదు. తుపాకీ పట్టుకున్నవాడికి కార్డు, బెడ్‌పాన్ పట్టుకున్నదానికి ఏమీ లేదు.

చివరికి దొరికింది. కంపిలి క్యాంపు. మకస్సార్ 1942 ఫిబ్రవరిలో జపాన్ చేతికి వచ్చింది. మగవాళ్లను పారెపారె వైపు పంపేశారు, ఆడవాళ్లను పిల్లలను చివరికి ఊరికి దగ్గర్లోని కంపిలికి చేర్చారు. 1943 నుంచి యుద్ధం అయ్యేదాకా సుమారు 1,600 మంది వెదురు షెడ్లలో బతికారు. సైన్యానికి బట్టలు కుట్టారు, పందుల్ని పెంచారు, ఆస్పత్రి నడిపారు. డచ్ మహిళ ఒకామె, యూస్ట్రా అని, క్యాంపుకు పెద్దగా ఉండి కమాండర్ యమాజీతో ఎదురుగా నిలబడి మాట్లాడేదట. అంత కష్టంలోనూ చావులు మిగతా క్యాంపుల కంటే తక్కువే. ఇక అయిపోవస్తోంది అనుకునే సమయానికి 1945 జూలై 17న మిత్రదేశాల విమానాలే పొరపాటున బాంబులేసి షెడ్లన్నీ కాల్చేశాయి. నెల తిరిగేసరికి యుద్ధం అయిపోయింది. మా అల్లుడి పెద్దమ్మమ్మ, డచ్ వరసలు నాకు అర్థం కావు కాబట్టి అలాగే అంటాను, ఆ మంటల్లోంచి కూడా బయటపడింది. మళ్లీ ఆస్పత్రిలోకే వెళ్లి, 1948లో మకస్సార్‌లోనే జ్వరంతో పోయింది.

మరి ఇంకేం కావాలి అంటారా? వాళ్లకు కావలసింది ఆవిడ చేతిరాత. ఇంట్లో ఉన్న చివరి ఉత్తరం 1940 మార్చిది. ఆ మే 10న జర్మనీ హాలండ్ మీద పడింది, అక్కడితో హాలండ్‌కీ ఇండీస్‌కీ మధ్య టపా తెగిపోయింది. జపాన్ రావడానికి ఇంకా ఇరవై నెలలు ఉంది చూడండి. రెడ్‌క్రాస్ ఫారం మీద 25 మాటలు మించకుండా కబురు పంపుకోవచ్చు, అది ఎన్ని నెలలకు చేరితే అన్ని నెలలకు. ఆ ఇరవై నెలలు ఈ సిస్టర్లు హాలండ్‌లోని డెన్ బాష్‌లో ఉన్న తమ పెద్ద మఠానికి రాయలేరు, అమ్మానాన్నలకు రాయలేరు. (ఆ పెద్ద మఠంలో ఇప్పుడు డేటా సైన్స్ కాలేజీ నడుస్తోంది, మా అమ్మాయి ఫొటో పంపింది, మనవాళ్ల పిల్లలెవరైనా అక్కడ చదువుతున్నారేమో కూడా.) కానీ గుంటూరుకు రాయగలరు! అప్పుడు మనది బ్రిటిష్ ఇండియా, వాళ్లది ఇంకా డచ్ చేతుల్లో ఉన్న ఇండీస్, రెండూ ఒకే పక్షం. మఠం ఒకటే, భాష ఒకటే, కలిసి శిక్షణ పొందిన స్నేహితురాళ్లు సముద్రానికి ఇటొకరు అటొకరు. ఆ 1940 ఉత్తరంలోనే ఉంది, "నాతో చేరిన సిస్టర్ గుంటూరులో ఉంది, ఆమెకు రాస్తుంటాను" అని. ఆ వాక్యం నాకు వీడియో కాల్‌లో చదివి వినిపించి, గుంటూరు అన్న మాట దగ్గర మా వియ్యపురాలు ఆగి నా మొహం చూసింది.

నా మొహంలో ఏం కనిపించిందో కానీ నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది. చెప్పేస్తాను. ఆవిడకు తెలుగు రాదన్న ధైర్యంతోనే ఇక్కడ రాస్తున్నాను.

మా పెద్దమ్మ గుంటూరులో సిస్టర్ల దగ్గర నర్సు పని నేర్చుకుని వాళ్లతోనే చాలా ఏళ్లు పనిచేసింది. మేము హిందువులమే, అయినా క్రిస్మస్‌కు ఆవిడ తెచ్చే కేకు కోసం కాచుకుని ఉండేవాళ్లం. 1960 ప్రాంతంలో ఒక డచ్ సిస్టరమ్మ వయసైపోయి స్వదేశం వెళ్తూ పెద్దమ్మకు గుర్తుగా ఒక బిస్కట్ల డబ్బా ఇచ్చి వెళ్లింది. ప్రార్థన కార్డులు, రెండు ఫొటోలు, పాత కవర్లు, వాటిలో ఉత్తరాలు. పల్చని కాగితాలు, రెండువైపులా చీమల బారులాంటి రాత. మాకెవరికీ ఆ భాష రాదు. నాకప్పుడు పదేళ్లు, క్లాసులో అందరికీ స్టాంపుల పిచ్చి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పెద్దమ్మ నిద్రపోతుంటే కవర్లన్నీ నీళ్ల బేసిన్‌లో నానబెట్టి స్టాంపులు ఊడదీశాను. తెలిసి రెండు అంటించింది, తర్వాత ఆరిపోయిన కవర్లను జాగ్రత్తగా మళ్లీ డబ్బాలో పెట్టుకుంది. ఆవిడ పోయిన ఏడాది తర్వాత ఇల్లు దులిపాం. 1988 భోగి. విరిగిన పీట, చిరిగిన చాప, పాత పంచాంగాలు, వాటితో పాటు ఆ కాగితాలు. వేసింది నేనే. పల్చని కాగితం కదా, చప్పున అంటుకుంది.

స్టాంపుల పుస్తకం మాత్రం ఉంది. మొన్న అటక మీంచి దింపి చూశాను. డచ్ రాణి విల్హెల్మినా బొమ్మ ఉన్నవి నాలుగు ఉన్నాయి, నెడర్లాండ్ష్ ఇండీ అని ఉంది. ఒకదాని మీద ముద్ర సగం పడింది, "మకస్స" దాకా చదవొచ్చు, సంవత్సరం పడిన ముక్క నేను చించేసిన వైపు పోయింది. అవి ఆవిడ ఉత్తరాలే అని నేను అనడం లేదు. మకస్సార్‌లో ఎంతమంది సిస్టర్లు ఉండేవారో, గుంటూరుకు ఎంతమంది రాసేవారో. అయినా రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే నా విన్నపం. గుంటూరు, కృష్ణా, నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో అలాంటి డబ్బా ఇంకొకటి ఉండే ఉంటుంది. సిస్టర్ల దగ్గర పనిచేసిన నర్సులు, ఆయాలు, వంటవాళ్లు, టీచరమ్మలు, వాళ్ల మనవలు మీ పేపరు చదువుతుంటారు. 1940, 41 నాటి విదేశీ కవరు ఒక అంచున కాగితం పట్టీ అంటించి, దాని మీద "ఓపెన్డ్ బై ఎగ్జామినర్" అని అచ్చు ఉంటే, అది యుద్ధకాలంలో సెన్సారు చూసి పంపినది అని గుర్తు. పైన రాణి బొమ్మ, లోపల ఇంగ్లీషులా ఉండి ఇంగ్లీషు కాని భాష. స్టాంపు ఊడదీయొద్దు, కవరునీ ఉత్తరాన్నీ విడదీయొద్దు. ఫోనుతో ఫొటో తీసి పెడితే చాలు. గ్రూపు ఫొటో దొరికితే వెనక ఎవరెవరో పేర్లు రాయించండి, గుర్తుపట్టే ముసలివాళ్లు ఇంకా ఉన్నప్పుడే. మఠాల్లో, స్కూళ్లలో బీరువాలు సర్దేవాళ్లకు కూడా ఈ మాట చేరితే బాగుండు. సున్నాలు వేసేటప్పుడు పాత రిజిస్టర్లు కిలోల లెక్కన అమ్మేసిన స్కూలు ఒకటి నాకు తెలుసు, పేరు రాయను, నేను చేసిన పని ముందు వాళ్లను అనే మొహం నాకు లేదు.

బందరులో, పులికాట్‌లో 1600ల నాటి డచ్చి వర్తకుల సమాధులు పురావస్తు శాఖ కాపాడుతోంది, వాళ్ల పేర్లు రాతి మీద ఇప్పటికీ చదవొచ్చు. బట్టల వర్తకానికి వచ్చినవాళ్ల పేర్లు మిగిలాయి. మన పెద్దమ్మల కాన్పులు చేసిన సిస్టర్ల అసలు పేర్లు మనకు తెలియవు. మేరీ గ్లౌరీ గురించి ఇంత తెలుస్తోందంటే ఆవిడ ఇంటికి రాసిన ఉత్తరాలను ఆస్ట్రేలియాలో ఎవరో పారేయకుండా దాచబట్టే కదా.

దొరికినవాళ్లు మీ పత్రిక కార్యాలయానికి రాస్తే నాకు అందజేయగలరని ఆశ. ఉత్తరం పెద్దదైంది, కత్తిరించుకోండి, కాని కవరు గుర్తులు చెప్పిన ముక్క మాత్రం ఉంచండి.

మా వియ్యపురాలు వచ్చే సంక్రాంతికి గుంటూరు వస్తోంది. తెల్లవారుజామున లేపి భోగి మంట చూపించమని ఇప్పటినుంచే అడుగుతోంది. స్టాంపుల పుస్తకం సంగతి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
గుంటూరు