8వ నంబరు పాళీ అని చెప్పి 6వ నంబరు బిగించారు: హంస కలంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: లిమిటెడ్ ఎడిషన్ హంస సిరా కలం (300 కలాల్లో 117వది, 117/300) పాళీ సైజు తేడా, రాతలో లోపాలు, పాళీ మార్పిడి గురించి.

అయ్యా,

పెట్టెలోని కార్డు మీద 8వ నంబరు, 18 క్యారెట్లు, మీడియం (గీత మందం) అని అచ్చువేశారు. 18 క్యారెట్లకు గుర్తయిన 750 ముద్ర ఉంది కాబట్టి బంగారం విషయంలో పేచీ లేదు. పాళీ మాత్రం 6వ నంబరుది. వెర్నియర్‌తో కొలిస్తే ఫీడ్ (పాళీ కింద ఉండి సిరా అందించే భాగం) వ్యాసం 6.3 మి.మీ., పాళీ పొడవు 35 మి.మీ. వచ్చాయి. ఈ నంబర్లకు అందరూ ఒప్పుకున్న కొలత లేదన్నది నిజమే. పైలట్ వారి 10, 15 నంబర్లను మిల్లీమీటర్లుగా చదవలేం. కానీ మీ కేటలాగే ఇది జర్మన్ యూనిట్ (పాళీ, ఫీడ్ కలిపి బిగించే భాగం) అని చెబుతోంది. ఆ లెక్కలో 5, 6, 8 అంటే దాదాపుగా మి.మీ.లలో ఫీడ్ మందమే. 8వ నంబరుకు బంగారం ఎక్కువ పడుతుంది, ధర కూడా దాన్నిబట్టే వేశారు కదా.

ఇక రాత. కలం మూత తీసి ఐదు సెకన్లు ఆగితే కిందికి లాగే మొదటి గీత పడదు. సిరా లోపం కాదు. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి పాళీ, ఫీడ్ కడిగి, మంచినీళ్లతో మళ్లీ జాడించి, ఆరబెట్టి, రెండు రకాల సిరాలతో చూసినా అదే వరస. పదింతల భూతద్దంలో కారణం కనిపిస్తుంది: మొనను అతిగా పాలిష్ చేయడంతో చీలికకు రెండు పక్కలా లోపలి అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. సిరా చీలిక చివరిదాకా వస్తున్నా కాగితాన్ని తాకడం లేదు. కలాల వాళ్లు బేబీ బాటమ్ అనేది దీన్నే.

‘రాస్తూ ఉంటే సర్దుకుంటుంది, కాస్త నొక్కి రాయండి’ అని మీ సర్వీస్ విభాగం జవాబిచ్చింది. మొన మీది గట్టి మిశ్రలోహం కాగితం మీద వారాల్లో అరిగేది కాదు. నొక్కితే చీలికకు రెండు పక్కలా ఉన్న పాయలు విడిపోయి గీత లావవుతుంది, అలాగే అలవాటు చేస్తే పాళీ వంగుతుంది. సన్నటి మైక్రోమెష్ (మెత్తటి గరుకు షీటు) మీద మొనను పొదుపుగా అరగదీసి లోపలి అంచును తిరిగి తేవాలి. అది మీ టెక్నీషియన్ చేయాల్సిన పని. బయట చేయిస్తే వారంటీ పోతుందని మీ కార్డే హెచ్చరిస్తోంది.

పాళీ మీది హంస బొమ్మ అందంగానే ఉంది. కానీ మెడ, రెక్క మొత్తం చీలికకు ఎడమవైపే, అదీ లోతుగా చెక్కారు. ఆ పాయ పలచబడి కుడిదానికన్నా ముందు వంగుతోంది. మొన దగ్గర రెండు పాయలూ ఒకే ఎత్తులో లేవు, పక్క గీతల్లో గరగర వినిపిస్తుంది. లేజర్‌తో పైపైన గీస్తే, లేదా బొమ్మను చీలిక చివర ఉండే గాలి రంధ్రానికి వెనక్కి జరిపితే ఈ తిప్పలు ఉండేవి కావు.

కేటలాగ్‌లో మీడియం అంటే 0.6 మి.మీ. అన్నారు. 80 జీఎస్‌ఎం కాగితం మీద గీత 0.8 వస్తోంది. జపాన్ మీడియం యూరప్ ఫైన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎఫ్, ఎం అక్షరాలు ఒక్కటే చాలవు. తెలుగు రాసేవారికి ఇది మరీ ముఖ్యం: గీత లావైతే ‘థ’ నడుమ చుక్క మూసుకుపోతుంది, ఒత్తులు కింది వరుసలోకి దిగుతాయి.

కోరేది ఇది. బ్యారెల్ మీద 117 చెక్కి ఉంది కనుక కలం మొత్తం మార్చవద్దు, మార్చితే ఆ నంబరు పోతుంది. 8వ నంబరు పాళీ, దానికి సరిపోయే ఫీడ్, ఆ రెంటినీ పట్టే తొడుగు (హౌసింగ్) కలిపి యూనిట్‌గా పంపండి. ఒక కంపెనీ ఫీడ్ మీద మరో కంపెనీ పాళీ వంపు కుదరకపోతే మధ్యలో ఖాళీ మిగిలి సిరా ఆగుతుంది, అందుకే విడి పాళీ వద్దు. సెక్షన్ (వేళ్లతో పట్టుకునే భాగం) మర 8వ నంబరు యూనిట్‌ను పట్టకపోతే ఆ మాట రాతపూర్వకంగా చెప్పి, ధరలో తేడా తిరిగివ్వండి, 6వ నంబరు పాళీనే సరిచేయండి. ఏదైనా సరే, పంపేముందు సిరాతో రాసి చూసిన కాగితం జతచేయండి. కేటలాగ్‌లో పాళీ నంబరుతో పాటు గీత మందం మి.మీ.లలో సరిదిద్దండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లాల్సి వస్తుంది.

జతపరచినవి: బిల్లు నకలు, కార్డు ఫొటో, వెర్నియర్ కొలతల ఫొటోలు, మొన దగ్గరి ఫొటో, రాత నమూనా.

ఇట్లు,
117/300 కలం కొనుగోలుదారు