తీసిందా, గీసిందా? మన కాలనీ శనివారం సైన్సు ప్రదర్శనల వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదికలో నీళ్ల ట్యాంకు, వీధి దీపాలు, చవితి పందిరి లెక్కలు ముందు రాసి, చివర్లో సాంస్కృతిక కార్యక్రమాలు అని రెండు లైన్లతో సరిపెట్టేవాళ్లం. ఈసారి ఆ లెక్కలన్నీ కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు, అందుకని ఈ కాగితం మొత్తం, మేడ మీద తెర కట్టి సైన్సు సినిమాలు వేసే మన శనివారం ప్రదర్శనలకే తీసుకున్నాను. ఎందుకంటే ఈ ఏడాది మన కాలనీలో జరిగిన మంచి పనుల్లో ఇదే పెద్దదని నా నమ్మకం.

నెలకొకటి చొప్పున 12 అనుకున్నాం, 10 జరిగాయి. నవంబరుది వాయుగుండానికి పోయింది, మేడ మీద మోకాలు లోతు నీళ్లు నిలిచాయి. ఇంకొకటి అనుమతి రాక ఆగిపోయింది. ఇంట్లో మన ఓటీటీ ఖాతాలో చూసే సినిమాని తెర కట్టి 60 మందికి చూపించడం కుదరదు, ఆ ఖాతా ఇంటివరకే. అందుకని హక్కులున్న వాళ్లకి ముందుగా మెయిల్ రాసి, వాళ్లు ఒప్పుకున్నాకే తేదీ వేస్తున్నాం. ఒక పంపిణీ సంస్థ నాలుగు నెలలు జవాబే ఇవ్వలేదు. నాసా వీడియోలతో ఆ ఇబ్బంది చాలావరకు లేదు, వాటికి సాధారణంగా కాపీరైటు ఉండదు. కొత్తగా మొదలుపెట్టే కాలనీలు అక్కణ్ణించి మొదలుపెడితే టెన్షన్ తక్కువ.

తెర సంగతి కూడా చెప్పాలి. మొదటి రెండుసార్లు దుప్పటి కట్టాం, గాలికి గ్రహాలన్నీ ఊగిపోయాయి. తర్వాత పాత ఫ్లెక్సీని తిరగేసి, వెనక తెల్ల వైపుని గోడకి బిగించాం. ఇప్పటికీ అదే వాడుతున్నాం, బొమ్మ చక్కగా పడుతోంది.

ఎక్కువ మంది వచ్చింది, ఎక్కువసేపు కూర్చున్నది వాయేజర్ రాత్రి. ఆ రోజు వేసింది 2017లో ఐర్లండ్ దర్శకురాలు ఎమర్ రెనాల్డ్స్ తీసిన 'ద ఫార్తెస్ట్'. మనం నెల్లూరు వాళ్లం, శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ మేడెక్కి ఆ పొగ గీత చూస్తూ పెరిగినవాళ్లం, కాబట్టి రాకెట్ మనకి కొత్త కాదు. కొత్తగా తోచింది ఏమిటంటే, 1977లో నాసా పంపిన వాయేజర్ 1, వాయేజర్ 2 అనే ఆ రెండు వ్యోమనౌకలు ఇప్పటికీ కబుర్లు పంపుతున్నాయి, అదీ సుమారు 23 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో. అంటే ఫ్రిజ్ తలుపు తీస్తే వెలిగే బల్బు పాటి శక్తి. వాయేజర్ 1 నుంచి ఆ కబురు కాంతి వేగంతో బయల్దేరినా మన దగ్గరికి చేరడానికి 22 గంటల పైనే పడుతుంది. "అంటే నిన్న ఈ వేళకి మాట్లాడింది ఇవాళ వింటున్నామా?" అని సి బ్లాకు పిన్నిగారు అడిగారు. సరిగ్గా అంతే పిన్నిగారూ.

సినిమా ఆపి మాట్లాడుకోవడం ఆ రాత్రే మొదలైంది, తర్వాత అదే మన పద్ధతి అయిపోయింది. ఒక గ్రహం పక్కనుంచి పోతూ వేగం పుంజుకునే ఉపాయాన్ని ఇంగ్లిషులో స్లింగ్‌షాట్ అంటారు. సినిమా నడుస్తుండగా తెలుగులో వ్యాఖ్యానం చెబుతున్న మన కాలేజీ అబ్బాయి దాన్ని 'వడిసెల' అన్నాడు, అందరికీ నచ్చింది. మన రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు మాత్రం లేచి ఆపమన్నారు. వడిసెలలో రాయికి వేగం ఇచ్చేది చెయ్యి, మరి ఇక్కడ ఎవరిస్తున్నారు అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఆయన, ఎదురుగా వస్తున్న లారీ మీదికి రబ్బరు బంతి విసిరితే అది మనం విసిరిన దానికంటే జోరుగా వెనక్కి వస్తుంది, ఆ అదనపు జోరు లారీదే, అలాగే గురుగ్రహం సూర్యుడి చుట్టూ పరిగెడుతోంది కాబట్టి ఆ పరుగులోంచి రవ్వంత వాయేజర్‌కి అందింది, గురుడు అంత పెద్దవాడు కాబట్టి ఆ నష్టం అతనికి తెలియదు అని వివరించారు. నాలుగు పెద్ద గ్రహాలూ ఒకదాని తర్వాత ఒకటిగా దారిలో దొరికే అమరిక 175 ఏళ్లకోసారి వస్తుందని 1965లో గ్యారీ ఫ్లాండ్రో అనే ఇంజనీరు లెక్కకట్టి చూపించారట. ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకుంది వాయేజర్ 2. 1979లో గురుడు, 1981లో శని, 1986లో యురేనస్, 1989లో నెప్ట్యూన్.

సినిమా అయ్యాక నాసా దగ్గరున్న ఒక చిన్న ఆడియో వినిపించాం. రెండు వాయేజర్లలోనూ బంగారు పూత పూసిన రికార్డు ఉంది, అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో మన తెలుగు ఒకటి. "నమస్తే, తెలుగు మాట్లాడే జనముననుంచి మా శుభాకాంక్షలు" అని కొద్ది క్షణాల మాట. ముందుగా ఎవరికీ చెప్పలేదు. మేడ మీద చీకట్లో ఆ మాట వినిపించినప్పుడు పిల్లలు కూడా కదల్లేదు, తర్వాత ఇంకోసారి, ఇంకోసారి అని నాలుగుసార్లు వేయించుకున్నారు. సూర్యుడి గాలి ఆగిపోయే హద్దు దాటి, నక్షత్రాల మధ్య మన మాట ఒకటి పోతూనే ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారి భైరవి కూడా ఆ రికార్డులో ఉంది, అదీ విన్నాం.

2017 సినిమాలో లేని కథ ఒకటి మన సాఫ్ట్‌వేర్ అమ్మాయి చెప్పింది. 2023 నవంబరులో వాయేజర్ 1 పంపే సమాచారం అర్థంలేని అంకెలుగా మారిపోయింది. కారణం ఒక మెమరీ చిప్పు చెడిపోవడం. అంత దూరం వెళ్లి ఎవరూ మార్చలేరు కదా, అందుకని ఆ చిప్పులో ఉండే కోడుని ముక్కలు చేసి మిగతా మెమరీలో ఖాళీ ఉన్నచోట సర్దారు, 2024 ఏప్రిల్‌లో అది మళ్లీ సరిగా మాట్లాడింది. ఆ అమ్మాయి ఇది చెబుతున్నప్పుడు వాళ్ల నాన్నగారి ముఖం చూడాల్సింది.

ఇక ఈ ఏడాది మనకి దొరికిన అసలు ప్రశ్న గురించి రాస్తాను. అది ఏడో తరగతి పిల్ల అడిగింది. తెర మీద వాయేజర్ శని వలయాల పక్కనుంచి జారిపోతుంటే, "అంకుల్, దీన్ని ఎవరు తీశారు? అక్కడ ఇంకో కెమెరా ఉందా?" అంది. లేదమ్మా, అది కెమెరాతో తీసింది కాదు, కంప్యూటర్‌లో గీసింది. "మరి వలయాలు?" అవి తీసినవి. అప్పట్నించి ప్రతి ప్రదర్శనలో పిల్లలు చెయ్యెత్తి "తీసిందా, గీసిందా?" అని అడగడం, మనం ఆపి చూసుకోవడం అలవాటైంది. దీనివల్ల గంటన్నర సినిమా రెండున్నర గంటలు పడుతోందని కొందరు సభ్యులు అన్నారు. నిజమే, పడుతోంది. అయినా ఈ అలవాటు వదలొద్దని నా మనవి. డాక్యుమెంటరీ చూసి ఇంటికి తీసుకెళ్లవలసింది ఆ ప్రశ్నే అని నాకు అనిపిస్తుంది.

ఎందుకో చెప్తాను. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్ 1 సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి తీసిన ఫొటోలో భూమి ఒక చుక్క, ఒక పిక్సెల్ కూడా నిండలేదు. ఆ చుక్క ఒక వెలుగు చారలో ఉంటుంది. అది దేవుడి కిరణంలా ఉందని ఎవరో అన్నారు, నిజానికి అది సూర్యకాంతి కెమెరా లోపల చెదిరి పడ్డ చార. ఫొటో నిజం, చార కూడా ఫొటోలో నిజంగానే ఉంది, కానీ ఆకాశంలో లేదు. అలాగే జేమ్స్ వెబ్ టెలిస్కోపు బొమ్మల్లో ఆ ఎరుపులూ నీలాలూ. అది చూసేది మన కంటికి కనిపించని పరారుణ కాంతి, అందులో పొడవు తరంగాలకి ఎరుపు, పొట్టివాటికి నీలం కేటాయించి మనకి కనిపించేలా చేస్తారు. 2019లో వచ్చిన, ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం (బ్లాక్ హోల్) బొమ్మ రేడియో తరంగాలతో కట్టింది, ఆ నారింజ రంగు మనుషులు ఎంచుకున్నదే. ఇవేవీ మోసం కాదు. కానీ తెలియకపోతే మనం వేరేది చూశామనుకుంటాం.

దీని మీద పెద్ద వాదన చంద్రయాన్ 3 ప్రదర్శన రోజు జరిగింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం మనమంతా టీవీల ముందు చూసిన ల్యాండర్ బొమ్మ యానిమేషనే, దిగుతున్నప్పుడు దాని కెమెరా తీసిన వీడియో ఇస్రో మర్నాడు విడుదల చేసింది. "అయితే ఆ రోజు మేం ఏడ్చింది కార్టూన్ చూసా?" అని ఒక మామయ్యగారు చాలా బాధపడ్డారు. మాస్టారి జవాబు నాకు బాగా నచ్చింది. ఆ బొమ్మ గీసిందే, కానీ దాని పక్కన మారుతున్న ఎత్తు, వేగం అంకెలు నిజంగా ల్యాండర్ నుంచి వస్తున్నవి, మీరు ఏడ్చింది ఆ అంకెలు చూసి అన్నారు. అప్పట్నించి మనకి మూడో గడి వచ్చింది. తీసింది, గీసింది, గీసిందే కానీ లెక్క నిజం.

జంతువుల సినిమాల దగ్గర ఇది ఇంకా గట్టిగా పనికొచ్చింది. దూరంనుంచి పెద్ద లెన్సుతో తీసిన జంతువు అడుగుల చప్పుడు అంత దగ్గరగా వినిపించదు, ఆ చప్పుళ్లు చాలావరకు తర్వాత స్టూడియోలో కలిపేవి. 2011లో బీబీసీ ధ్రువప్రాంతాల సిరీస్‌లో మంచు ఎలుగు పిల్లల దృశ్యం నెదర్లాండ్స్ జంతు పార్కులో తీసిందని తెలిసి పెద్ద గొడవైంది. తల్లి గుహలోకి కెమెరా పెడితే అది పిల్లల్ని చంపెయ్యొచ్చు, కాబట్టి పార్కులో తీయడం తప్పని నేననను, కానీ తెర మీదే చెప్పి ఉంటే బాగుండేది. 1958లో డిస్నీ తీసిన సినిమా కథ వేరు. లెమ్మింగులనే ఎలుకజాతి ప్రాణులు గుంపుగా ఆత్మహత్య చేసుకుంటాయని చూపించడానికి, వాటిని వేరే చోటునుంచి తెప్పించి అంచు మీంచి తోశారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ అబద్ధం ఇవాళ్టికీ మాటల్లో బతికే ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల్లో ఒకరిద్దరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. 'ఆల్ఫాగో' వేశాం, 2016లో సియోల్‌లో గో ఆట ఛాంపియన్ లీ సెడాల్‌ని కంప్యూటర్ 4-1తో ఓడించిన కథ. గో ఆట మనలో ఎవరికీ రాదు, అయినా నాలుగో ఆటలో ఆయన గెలిచినప్పుడు మేడ మీద చప్పట్లు మోగాయి. 'అపోలో 11' లో అసలు వ్యాఖ్యానమే లేదు, దాదాపు అంతా ఆనాటి ఫిల్మే, పిల్లలు "తీసింది, తీసింది" అంటూ కూర్చున్నారు. ఈమ్స్ దంపతుల తొమ్మిది నిమిషాల 'పవర్స్ ఆఫ్ టెన్' మూడుసార్లు వేశాం. హిగ్స్ కణం మీద వేసినది మాత్రం కుదరలేదు, అది వ్యాఖ్యానం లేకుండా మనకి అందేది కాదు, ఆ రోజు చెప్పాల్సిన అబ్బాయికి పరీక్షలు.

భాష గురించి కొంచెం చెప్పాలి. మంచి సినిమాలు దాదాపు అన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి, కింద ఇంగ్లిషు అక్షరాలు పడితే మన అమ్మమ్మలకి ఉపయోగం లేదు. మన డి బ్లాకు బామ్మగారు తెలంగాణ పల్లెలో పెరిగారు. 1975లో బడి దగ్గర టీవీ పెట్టారని, కోడి పంజరం జాలీ లాంటి పెద్ద గొడుగు పైన ఉండేదని ఆవిడ చెబితే నాకు వెంటనే అర్థమైంది. అది సైట్ (SITE) అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ని వాడి 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలకి కూడా, ఇస్రో కార్యక్రమాలు పంపింది, పిల్లలకి సైన్సు పాఠాలతో సహా, తెలుగులో. దాన్ని నడిపించిన వారిలో శాస్త్రవేత్త యశ్‌పాల్ గారు ఒకరు, తర్వాత దూరదర్శన్ 'టర్నింగ్ పాయింట్' లో ఉత్తరాలకి జవాబులు చెప్పిన ఆయనే. "అప్పుడు మాకు తెలుగులోనే చెప్పారే" అన్నారు బామ్మగారు. 50 ఏళ్ల కిందట పల్లెకి చేరిన పని ఇవాళ మన మేడకి చేరడానికి ఇంత కష్టమెందుకవ్వాలి? అందుకే వ్యాఖ్యానం చెప్పే పిల్లలకి వచ్చే ఏడాది మంచి మైకు కొనాలని కమిటీ నిర్ణయించింది. ఇప్పుడున్నది కీచుమంటోంది.

చివరిది పిల్లల సొంత సినిమా. జనవరిలో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతుల గూళ్లని ఫోనుతో తీశారు. పక్క పొలం రైతు, ఈ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకి బలమని చెప్పింది కూడా పెట్టారు. పదకొండు నిమిషాల సినిమా. ప్రదర్శన రోజు ఎప్పట్లాగే చేతులు లేచాయి, "తీసిందా, గీసిందా?" అని. తీసిన పిల్లాడే లేచి నిలబడి, గాలికి మా శబ్దం పాడైపోయింది, మీరు విన్న పిల్లపక్షుల అరుపులు నెట్‌లోంచి తెచ్చి కలిపాం అన్నాడు. ఎవరూ కోప్పడలేదు. మాస్టారు మాత్రం, ఆ మాట సినిమాలోనే వెయ్యి నాయనా అన్నారు. వారం తిరక్కుండా ఆ లైను తెర మీద చేర్చి తెచ్చాడు, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

ఖర్చులో ఎక్కువ భాగం ప్రొజెక్టర్ అద్దెకే పోయింది, రసీదులన్నీ ఆఫీసు గదిలో ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఈ ఏడాది సొంతంగా కొనాలా అన్నది సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి, నా ఓటు కొనడానికే. శ్రీహరికోటలో ప్రయోగం చూసే గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, తేదీ ప్రకటించగానే గ్రూపులో పెడతాను, ఆధార్ వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. వచ్చే శనివారం పిల్లల సినిమా మళ్లీ వేస్తున్నాం, ఏడున్నరకి, మేడ మీద. కుర్చీలు తక్కువ పడుతున్నాయి, చాపలు తెచ్చుకోండి.

మీ
కార్యదర్శి