టపిలి ఎక్కడ సాగింది?

సంపాదకులకు,

సర్కారు బడుల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు 2022లో 16.3 శాతం ఉంటే, 2024 నాటికి 23.4 శాతానికి పెరిగారని, పిల్లల చదువు ఎలా ఉందో ఇల్లిల్లూ తిరిగి పరీక్షించే అసర్ సర్వే నివేదిక చెప్పింది. దేశవ్యాప్తంగా గ్రామాల లెక్క ఇది. చదవలేని మిగతావారి గురించి చాలామంది బాధపడ్డారు, రాశారు. నా బెంగ నూటికి చదవగలిగిన ఆ ఇరవై మూడు మంది గురించి. సర్వేకు వచ్చినవారు ఇచ్చిన కాగితం మీది కథను పిల్లవాడు తడుముకోకుండా పైకి చదివితే చాలు, లెక్కలోకి వస్తాడు. ఏమి అర్థమైందని అడగరు. లక్షల ఇళ్లు తిరిగే సర్వే అంతకంటే ఏమి చేస్తుంది? కానీ బడి కూడా అక్కడే ఆగిపోతోంది.

'మిరుతి గొలవలో టపిలి సాగింది.' టపిలి ఎక్కడ సాగింది? మిరుతి గొలవలో. గొలవలో సాగినది ఏది? టపిలి. రెండుకు రెండు మార్కులు! ఆ వాక్యంలో నేను కల్పించని మాట చివరి 'సాగింది' ఒక్కటే. 'లో' కనబడితే 'ఎక్కడ' అన్నదానికి జవాబు దొరికినట్టేనని మన పిల్లలకు అయిదో తరగతికల్లా పట్టుబడుతుంది. 'అవగాహన-ప్రతిస్పందన' అని పేరు పెట్టి గద్యం కింద అడిగే ప్రశ్నల్లో చాలా భాగం ఈ బాపతే.

నేను తెలుగు పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలకు నేనే ఒక పేరా రాసి ఇచ్చాను. రైతు మబ్బుల వంక చూసి, కళ్లంలో ఆరబోసిన వడ్ల మీద గబగబా టార్పాలిన్ కప్పాడు. ఎందుకు కప్పాడు? తరగతిలో సగం మంది వరి పండించే ఇళ్ల పిల్లలు. వాన మొదలైతే బడి నుంచి కళ్లానికి పరుగెత్తేవాళ్లు. అయినా అందరూ కాగితంలోకే తల దూర్చి వెతికారు. చివరికి ఒక అమ్మాయి లేచి, 'టీచర్, అందులో ఇవ్వలేదు' అంది. పుస్తకంలో ఉన్నదాన్ని తనకు తెలిసినదానితో కలపవచ్చని, కలపాలని ఆ పిల్లకు అన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ప్రైవేటు బడుల్లో ఇదే తంతు ఇంగ్లిషులో, ఖరీదైన గైడ్లతో నడుస్తుంది.

మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలన్నది కేంద్రం చేపట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం, 2026-27 దాని గడువు. తెలంగాణలో 2022లో, చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పాలని తొలిమెట్టు కార్యక్రమం కూడా మొదలైంది. మంచివే. అయితే తనిఖీకి వచ్చిన అధికారి అరవై పదాలను గడియారం పట్టుకుని లెక్కపెట్టగలరు. అర్థాన్ని లెక్కపెట్టే తీరిక ఆయనకూ లేదు, ఫారాలు నింపి అలసిన టీచరుకూ లేదు.

అర్థం చేసుకోవడం కథల పుస్తకాలు చదివితే వస్తుంది, చదివినదాని గురించి ఎవరితోనైనా మాట్లాడితే వస్తుంది. బడులకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి అయిదు వేల నుంచి ఇరవై వేల రూపాయల దాకా గ్రంథాలయ నిధి ఉంది. పుస్తకాలు వస్తాయి, బీరువాలోకి వెళతాయి, తాళం పడుతుంది. ఏడాది మధ్యలో బడిలోనే మార్కులు వేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో పుస్తక సమీక్షకు మార్కులున్నాయి కదా అంటారేమో. ఆ సమీక్షను చాలా చోట్ల గైడులోంచి ఎక్కిస్తారు, పుస్తకం ముఖం చూడకుండానే.

తాళం వేసే ప్రధానోపాధ్యాయులను తిట్టి లాభం లేదు. ఒక్క పుస్తకం పోయినా స్టాక్ రిజిస్టరులో తగ్గిందని ఆడిట్‌లో అడుగుతారు, సొంత డబ్బు కట్టవలసి వస్తుందేమోనని వారి భయం. పిల్లల చేతుల్లో నలిగి చిరిగినవి, పోయినవి ఏటా కొంత శాతం వరకు సంజాయిషీ లేకుండా రిజిస్టరు నుంచి కొట్టివేయవచ్చని విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. దానికి బడ్జెట్టు కూడా అక్కర్లేదు.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా